సీసా వెనక రాసింది మన వంటింటి భాషే

గూస్‌బెర్రీ అంటే మన ఉసిరికాయ కాదు. ముందు ఈ సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే తెల్ల వైన్ సీసా వెనక రాసిన నాలుగు ముక్కలు చదివి, తెలుగులో చెప్పబోయినవాళ్ళంతా మొట్టమొదట బోల్తాపడేది ఇక్కడే. నిఘంటువు తీస్తే ఉసిరి అనే ఉంటుంది మరి. ఇంగ్లీషువాళ్ళ పెరట్లో ముళ్ళ పొదకి కాసే గూస్‌బెర్రీ వేరే జాతి కాయ. లేతాకుపచ్చ రంగు, పైన సన్నటి చారలు, కాస్త నూగు, లోపల ద్రాక్షపండులాంటి గుజ్జు, పళ్ళు పులిసిపోయే పులుపు. మన ఉసిరికాయలోని వగరుగానీ, అది నమిలి నీళ్ళు తాగితే నోరంతా పరుచుకునే తీపిగానీ దానికి లేవు.

నేను చెబుతున్నది సోవిన్యాన్ బ్లాన్ అనే వైన్ సంగతి. అది ఫ్రాన్సు దేశపు ద్రాక్ష, ద్రాక్ష పేరే వైన్ పేరు. అక్షరాలు చూసి సావిగ్నాన్ బ్లాంక్ అని చదివినా కొంప మునిగేదేం లేదు. ఆ సీసా వెనక మామూలుగా కనిపించే మాటలు ఇవీ: గూస్‌బెర్రీ, అప్పుడే కోసిన పచ్చగడ్డి, క్యాప్సికం, పంపరపనస సంతానమైన గ్రేప్‌ఫ్రూట్, ప్యాషన్ ఫ్రూట్. "ఇన్ని కలుపుతారా అందులో!" అని బుగ్గలు నొక్కుకుంది మా పక్కింటావిడ. కలపరు. ద్రాక్షరసం, దాన్ని పులియబెట్టే ఈస్టు, చెడిపోకుండా కాస్త గంధకం మందు, దాదాపు అంతే. మరి క్యాప్సికం వాసన ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? క్యాప్సికంలో ఆ వాసనకి కారణమైన పదార్థమే ఈ ద్రాక్షలోనూ ఉంది కనక. దాని పేరు మిథాక్సీపైరజీన్. నోరు తిరక్కపోతే వదిలేయండి. లీటరు నీళ్ళలో అది గ్రాములో వంద కోట్లో వంతు ఒకటి రెండు ఉన్నా చాలట, మనిషి ముక్కు పట్టేస్తుంది. కాయ ముదిరి, గుత్తులకి ఎండ బాగా తగిలితే ఆ వాసన తగ్గిపోతుంది. అందుకే చల్లటి చోట పండిన సోవిన్యాన్‌లో గడ్డి వాసన, వెచ్చటి చోట పండినదాంట్లో పండ్ల వాసన ఎక్కువ. పండ్ల వాసనలు ఇంకో రకం పదార్థాలవి. ద్రాక్షలో ఉన్నప్పుడు వాటికి వాసనే ఉండదు, ఈస్టు పనిచేశాక విడివడి బయటికొస్తాయి. మెంతులు పచ్చిగా ఉన్నప్పుడొకలా, పోపులో పడ్డాక ఇంకొకలా ఉండవూ? అక్కడ నిప్పు చేసే పని ఇక్కడ ఈస్టు చేస్తుంది. అన్నట్టు, ఈ పదార్థాల్లో ఒకటి కాస్త ఎక్కువైతే పిల్లి పాడుచేసిన గదిలో అడుగుపెట్టినట్టు ఉంటుందని వైన్ పెద్దలే చెబుతారు, అదీ మెచ్చుకోలుగా!

ఇక్కడికే కొందరికి ఒళ్ళు మండి ఉంటుంది. ఆడవాళ్ళ పేజీలో ఈ మందు గోలేమిటి తల్లీ అని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన రాష్ట్రం మనది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చిందీ, 1997లో అది పోయిందీ చూసినవాళ్ళం. తాగుడు వల్ల పుస్తెలు తాకట్టుకెళ్ళిన ఇళ్ళు మనందరి వీధుల్లోనూ ఉన్నాయి. వైన్ ఆరోగ్యానికి మంచిదని ఒకప్పుడు ఊదరగొట్టారు గానీ, ఎంత తక్కువ తాగినా క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చేసింది. గర్భిణులకైతే చుక్క కూడా వద్దు. కాబట్టి తాగనివాళ్ళు మొదలుపెట్టాలని నేను చెప్పబోవడం లేదు. నా గొడవ వేరే. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నందువల్ల, ఆఫీసు విందుల వల్ల, ఈ సీసా ఇవాళ మన భోజనాల బల్ల మీదికి ఎలాగూ వచ్చింది. దాని చుట్టూ ఓ పాండిత్యమూ వచ్చింది. ఆ పాండిత్యం మగవాళ్ళ సొత్తయి కూర్చుంది. అదీ నా అభ్యంతరం.

మా చెల్లెలు కాలిఫోర్నియాలో, శాక్రమెంటో దగ్గర ఉంటుంది. కిందటేడు రెండు నెలలు వాళ్ళింట్లో ఉన్నాను. ఓ శనివారం సాయంత్రం ఆరుగురు స్నేహితులు కుటుంబాలతో వచ్చారు. చెల్లెలు పొద్దుటి నుంచీ నిలబడి వండింది. హాల్లో మగవాళ్ళు సోవిన్యాన్ సీసా తెరిచి, గ్లాసులు గిరగిరా తిప్పి, ఒకాయన ఫోన్లో చూసి చదువుతుంటే మిగతావాళ్ళు తలలూపుతున్నారు. ఒకాయన మర్యాదకి ఓ గ్లాసు వంటింట్లోకి పంపాడు. మా చెల్లెలు తాగదు. ముక్కు దగ్గర పెట్టుకుని, "అక్కా, పచ్చి మామిడికాయకి తొడిమ విరిచినప్పుడు వచ్చే వాసన లేదూ? కాస్త బెంగుళూరు మిరపకాయ కోసినట్టు కూడా" అంది. హాల్లోకి వెళ్ళి సీసా వెనక చూశాను. పచ్చగడ్డి, క్యాప్సికం, పుల్లటి పచ్చికాయలు అని ఉంది. ఫోను చూడకుండా, చుక్క తాగకుండా చెప్పేసింది పిల్ల! వెళ్ళి ఆ మాట అక్కడ చెప్పవే అంటే, "నాకేం తెలుసు వైన్ గురించి, నవ్వుతారు" అని ఉల్లిపాయలు తరగడంలో పడింది.

ఈ "నాకేం తెలుసు" ఉందే, అది నాకు ఒళ్ళు మంట. చారు కాగుతుంటే రెండు గదుల అవతలి నుంచి ఉప్పు తక్కువైందని చెప్పగల మనిషి, పాలు విరగబోతున్నాయని మూత తియ్యకుండా పసిగట్టే మనిషి, రుచి గురించి మాట్లాడే చోట నోరు మూసుకుని కూర్చోవడం ఏం న్యాయం?

దీనికి జవాబు ఆ ఊరికి అరగంట దూరంలోనే ఉండటం నాకు తమాషాగా తోచింది. డేవిస్ అనే ఊళ్ళో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఉంది. వైన్ చదువుకి ప్రపంచంలో పేరున్న చోటు. 1974లో ఆన్ నోబుల్ అనే ఆవిడ అక్కడి వైన్ శాఖలో అధ్యాపకురాలిగా చేరింది. ఆ శాఖలో ఆ ఉద్యోగానికి వచ్చిన మొదటి స్త్రీ ఆవిడే. అప్పటిదాకా వైన్ గురించి పెద్దమనుషులు వాడే మాటలు ఎలా ఉండేవంటే, ఇది రాజసంగా ఉంది, ఇది హుందాగా ఉంది, దిట్టంగా ఉంటే మగ వైన్, సుతారంగా ఉంటే ఆడ వైన్. విన్నవాడికి ఒక్క ముక్క అర్థం కాదు, కాలేదని ఒప్పుకోవడానికీ వీల్లేదు! నోబుల్ ఆ మాటలన్నీ పక్కన పెట్టేసింది. 1984లో తోటివాళ్ళతో కలిసి ఓ చక్రం తయారుచేసింది. లోపలి వలయంలో పండు, పచ్చి మొక్క, మసాలా, మట్టి ఇలాంటి పెద్ద మాటలు. దాని బయట ఇంకాస్త వివరంగా. అన్నిటికంటే బయట నిమ్మ, అనాస, లవంగం, క్యాప్సికం, పచ్చగడ్డి. బాగుంది, గొప్పగా ఉంది, హుందాగా ఉంది అనే మాటలకి అందులో చోటే లేదు. దేని వాసనో చెప్పు, నీకెలా ఉందో తర్వాత చూద్దాం అన్నమాట.

మరి లవంగం అంటే అందరి ముక్కుకీ ఒకే లవంగం అని ఎలా నమ్మడం? దానికి ఆవిడ చేసిన ఉపాయం చూడండి. చవకరకం, ఏ ప్రత్యేకమైన వాసనా లేని వైన్ కొన్ని గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో క్యాప్సికం ముక్క, ఒకదాంట్లో లవంగం, ఒకదాంట్లో డబ్బాలో వచ్చే అనాస రసం, ఇంకోదాంట్లో ఆస్పరాగస్ కాడల డబ్బాలో నీళ్ళు కాస్త కలిపి మూతపెట్టేది. విద్యార్థులు ఒక్కోటీ వాసన చూసి గుర్తుపట్టి, తర్వాత అసలు వైన్లో అవి వెతుక్కోవాలి. అంటే ఆ చదువుకి కావలసిన సరంజామా కిరాణాకొట్లో, కూరగాయల బుట్టలో ఉంది. వాసనల పేర్లు కొత్తగా పుట్టించలేదావిడ, వంటింట్లోంచి తీసుకెళ్ళి ప్రయోగశాలలో పెట్టింది. ఇప్పుడు సీసా వెనక అచ్చవుతున్న మాటలు చాలా మటుకు ఆ దారిన వచ్చినవే. హాల్లో ఫోన్లో చూసి చదివింది వంటింటి సరుకుల చీటీ అని ఆ పెద్దమనుషులకి ఎవరు చెప్పాలి?

అదే విశ్వవిద్యాలయంలో కారల్ మెరెడిత్ అనే ఇంకొకావిడ, తన సహచరుడు జాన్ బౌవర్స్‌తో కలిసి 1997లో ఒక బయటపెట్టని బంధుత్వం బయటపెట్టింది. కాబర్నే సోవిన్యాన్ అని ఎర్ర వైన్లలో మహారాజులాంటి ద్రాక్ష ఒకటుంది. డీఎన్‌ఏ పరీక్ష చేస్తే దాని తల్లిదండ్రుల్లో ఒకటి కాబర్నే ఫ్రాంక్ అనే నల్ల ద్రాక్ష, రెండోది మన సోవిన్యాన్ బ్లాన్. మహారాజుగారి పుట్టుకలో సగం, అందరూ తేలిక రకమని తీసిపారేసే ఈ తెల్లపిల్లది!

లండన్‌లో మాస్టర్ ఆఫ్ వైన్ అని ఓ పరీక్ష ఉంది. 1953లో మొదలైంది. ఒక స్త్రీ అందులో నెగ్గడానికి 1970 దాకా పట్టింది. వ్యాపారంతో సంబంధం లేనివాళ్ళలో ఆ పరీక్ష మొదట గెలిచింది 1984లో జాన్సిస్ రాబిన్‌సన్ అనే రచయిత్రి. మన దేశంలో ఉంటూ ఆ పట్టా మొదట తెచ్చుకున్నది సోనాల్ హాలండ్, 2016లో. అంటే కావలసినంత మంది ఆడవాళ్ళు ఈ విద్యలో ఉన్నారు. అయినా పెద్ద హోటల్‌కి వెళితే వైన్ కార్డు తిన్నగా బల్ల దగ్గరున్న మగాడి చేతిలోకే వెళుతుంది. పక్కన కూర్చున్నావిడకి పిల్లల మెనూ ఇస్తారు.

ఇక ఏ వంటకి ఏ వైన్ అనే సంగతి. దీని మీద కూడా ఉపన్యాసాలకి తక్కువేం లేదు. ఫ్రాన్సులో లువార్ నది ఎగువన సాన్సేర్ అనే కొండమీది ఊరు ఉంది. సోవిన్యాన్‌కి అది పుట్టిల్లులాంటి ప్రాంతం. ఆ పక్కనే షవిన్యోల్ అనే పల్లె, అక్కడ మేకపాలతో చిన్న చిన్న గుండ్రటి జున్నుగడ్డలు చేస్తారు. మన జున్ను కాదులెండి, విరగగొట్టి ఆరబెట్టే చీజ్. ఆ చీజ్, ఈ వైన్ కలిపి తినడం అక్కడి తరతరాల అలవాటు. దీని వెనక రహస్యమేమీ లేదు. మేకపాల చీజ్ కాస్త పుల్లగా, ఉప్పగా, నాలుకకి సుద్దలా అంటుకుంటూ ఉంటుంది. ఈ వైన్ పులుపు ఆ అంటుకున్నదాన్ని కడిగేస్తుంది. ఉప్పు పులుపుని మెత్తబరుస్తుంది. రెండూ పుల్లనివే కనక ఒకదాని ముందు ఒకటి చప్పబడదు. ముద్దపప్పులో నెయ్యి వేసి ఆవకాయ ఎందుకు నంజుకుంటామో, గోంగూర పచ్చడికి పచ్చి ఉల్లిపాయ ఎందుకు కొరుక్కుంటామో తెలిసిన మనిషికి ఇందులో కొత్తగా నేర్పేదేముంది? సాన్సేర్ గృహిణికీ, మన గుంటూరు గృహిణికీ ఏ శాస్త్రవేత్తా వచ్చి చెప్పలేదు. పక్కపక్కన పండినవి, పక్కపక్కన పెట్టి తిని చూసి, బాగుంటే మళ్ళీ పెట్టారు. మన తెలంగాణ పల్లెల్లో కల్లుతో గుడాలు తింటారు, ఉడకబెట్టి పోపు వేసిన శనగలు. ఆ జోడీ వెనకా ఇదే బుద్ధి. ఎవరూ దాని మీద పుస్తకం రాయలేదు, అంతే తేడా.

సోవిన్యాన్ విషయంలో నాలుక చెప్పే లెక్కలు కొన్నే. వంటలో పులుపు వైన్ పులుపుని మించితే వైన్ నీళ్ళలా ఉంటుంది. వంటలో తీపి ఉంటే వైన్ మరీ పుల్లగా, కరుగ్గా తగులుతుంది. కారం ఎక్కువైతే వైన్లోని ఆల్కహాలు దాన్ని ఇంకా మండిస్తుంది. ఉప్పూ, నూనే ఉంటే చక్కగా కుదురుతుంది. పచ్చి ఆకులకి, కొత్తిమీర, పుదీనా లాంటి వాటికి, ఈ వైన్లోని పచ్చి వాసన తోడొస్తుంది. చేపకి తెల్ల వైనే ఎందుకన్నదానికి మాత్రం 2009లో జపాన్ పరిశోధకులు కారణం చూపారు. ఎర్ర వైన్లలో ఇనుము ఎక్కువగా ఉంటే సముద్రపు సరుకుతో కలిసినప్పుడు నీచు వాసన లేస్తుందట. తెల్లవాటిలో ఇనుము మామూలుగా తక్కువ.

ఈ లెక్కల్ని మా చెల్లెలి బల్ల మీద పెట్టి చూస్తే ఆ రాత్రి జరిగినదంతా అర్థమవుతుంది. వేయించిన వంజరం ముక్కలతోనూ, కొత్తిమీర పట్టించిన పనీరుతోనూ ఆ సీసా బ్రహ్మాండంగా ఉందన్నారు. పులిహోర వచ్చేసరికి చింతపండు దెబ్బకి వైన్ చప్పబడింది. పెసరట్టులోకి చేసిన అల్లం పచ్చడిలో బెల్లం ఉంది, దాంతో పుల్లబడింది. ఆవకాయ అన్నం కలిపాక ఎవరూ గ్లాసు ముట్టుకోలేదు. "ఈ వైన్ సరైంది కాదు, రీస్లింగ్ తేవాల్సింది" అని ఒకాయన తీర్పు చెప్పాడు. కాస్త తీపి ఉన్న రీస్లింగ్ కారానికి కొంత నయం, నిజమే. కానీ అసలు విషయం అది కాదని నా అభిప్రాయం. ఫ్రెంచివాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తింటారు. ముందు చేప, అది తీసేశాక మాంసం, అది తీసేశాక చీజ్. ఒక్కోదానికి ఒక్కో వైన్ తోడు కుదరడానికి వీలుంటుంది. మన విస్తట్లో పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి, అప్పడం, పెరుగు అన్నీ ఒక్కసారే ఉంటాయి. పచ్చడి మంటకి పప్పూ నెయ్యీ, పులుసుకి వడియం, అన్నిటికీ పైన పెరుగు. ఏది దేనితోనో ఆ జోడీలన్నీ విస్తట్లోనే కుదిరిపోయి ఉన్నాయి. బయటినుంచి వచ్చిన సీసాకి అందులో ఖాళీ జాగా లేదు. మజ్జిగ తాగి లేచేవాళ్ళు వెనకబడినవాళ్ళేం కాదు. సోవిన్యాన్ పెట్టుకోదలచినవాళ్ళు భోజనానికి ముందు, వేపుళ్ళు, పకోడీలు తినే వేళ పెట్టుకుంటే ఆ సీసాకీ మర్యాద, ఆవకాయకీ మర్యాద.

న్యూజిలాండ్ దేశంలో మార్ల్‌బరో అనే చోట 1970ల్లో ఈ ద్రాక్ష నాటారు. ప్యాషన్ ఫ్రూట్ వాసన గుప్పుమనే రకం అక్కడిదే. ఇవాళ దుకాణాల్లో సోవిన్యాన్ అనగానే చాలామందికి తోచేది ఆ రుచే. మన నాసిక్‌లోనూ రాజీవ్ సామంత్ సూలా కంపెనీ పెట్టి, 2000 సంవత్సరంలో మొదట చేసిన వైన్లలో సోవిన్యాన్ ఒకటి. ఎక్కడిదైనా దాచుకుంటే విలువ పెరిగే సరుకు కాదు ఇది, ఒకటి రెండేళ్ళలో అయిపోవాలి. ఎనిమిది నుంచి పది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. అంతకంటే చల్లబడితే వాసనే తెలీదు. ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు బయట ఉంచితే సరిపోతుంది.

ఇంకొక్క మాట. హోటల్లో సీసా తెరిచి, ఒకళ్ళ గ్లాసులో రెండు చెంచాలు పోసి ఆగుతారు. రుచి నచ్చిందా లేదా అని అడగడం కాదది. బెరడు బిరడా పాడైతే వైన్‌కి తడిసిన అట్టముక్క వాసన, బూజు వాసన పడుతుంది. అది ఉందేమో చూసి చెప్పమని. ఉంటే సీసా వెనక్కి తీసుకుని ఇంకోటి తెస్తారు. మరమూత సీసాలొచ్చాక ఈ బెడద తగ్గింది గానీ, బిరడా సీసాలు ఇంకా చాలానే ఉన్నాయి. ముక్కిన బియ్యం డబ్బా మూత తియ్యగానే పట్టేసే ముక్కుకి ఇది పెద్ద పరీక్ష కాదు. తాగక్కర్లేదు కూడా, వాసన చూస్తే చాలు. ఆ గ్లాసు మీ ముందు పెట్టమని చెప్పండి.